పప్పు ఉడికే నీళ్లు

జీపు ఇస్నాపూర్ చౌరస్తా దాటుతుండగా ఏఎస్సై సంగయ్య చెయ్యి మరోసారి చొక్కా జేబు తడుముకుంది. కాగితంలో చుట్టిన వెండి మెట్టెలు అక్కడే ఉన్నాయి. పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే భార్య మల్లమ్మ వాటిని చేతిలో పెట్టింది. "వేలికి పట్టుకపోయినయి. సబ్బు వెట్టి గుంజితే గని రాలే. అవుసలాయనకిచ్చి జెర సాగగొట్టిచ్చుకరా" అంది. పెళ్లినాటి నుంచి వేలు వదలని మెట్టెలు. సరేనని జేబులో వేసుకున్నాడు గానీ ఆ కంసాలి కొట్టు ముందు జీపు ఆపించే తీరిక దొరకలేదు. సాయంత్రం ఆరులోపల ఒక ఆడపిల్ల హంతకురాలో కాదో తేలాలి.

తన వరకు ఎస్సై రాకేష్ తేల్చేశాడు. మిగిలిందల్లా ఆమెను బండెక్కించడమే.

చనిపోయినాయన చలపతిరావు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసి, రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. గుండె బలహీనపడిందని, ఉప్పు చిటికెడు దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు ఎప్పుడో హెచ్చరించాడు. హెచ్చరించినట్టే జరిగింది. పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే నిద్రపోయిన మనిషి, తెల్లారేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అంతకు ముందురోజు ఇచ్చిన మూత్ర పరీక్ష రిపోర్టు మాత్రం దహనం అయ్యాక వచ్చింది. ఒంట్లోకి పోవాల్సిన దానికి మూడింతల ఉప్పు పోతోందని అందులో ఉంది.

కూతురు శ్రావ్య ఆ కాగితం పట్టుకుని స్టేషన్ మెట్లెక్కింది. వంట వదినది, వడ్డన వదినది, కాబట్టి చంపింది వదినే అంది.

ఆ వదిన మహిత రుద్రారం పిల్ల. సంగయ్యదీ రుద్రారమే. వావి వరస లేకపోయినా చిన్నప్పటి నుంచి ఆమెకు ఆయన కాకా, బాబాయి లాంటివాడు.

చలపతిరావు ఇంటి గుమ్మంలోనే రాకేష్ ఎదురయ్యాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, తెలివిగలవాడు. ఆ తెలివి నిలబడి ఆలోచించదు, పరుగెత్తుతుంది.

"రా సంగన్నా! మీ ఊరి ఆడబిడ్డకు సారె తెచ్చినవా?"

"సారె తెచ్చే ఇల్లు గాదు సార్. ఇంక దినం గూడ కాలే."

"దినం ఎల్లుండి. అరెస్టు ఇయ్యాల. ఆరు గొట్టంగనె లేడీ కానిస్టేబుల్ వస్తది. సీఐ సారుకు మాటిచ్చిన."

"ఆరు దాకనన్న నాకు ఇడిసిపెట్టుండ్రి."

"ఇడిసిపెడుత. కని ఊరి ప్రేమ ఉప్పు లెక్కన్నా. జెరంతనే మంచిది."

సంగయ్య చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

హాల్లో చలపతిరావు ఫోటో ముందు దీపం వెలుగుతోంది. గోడకు ఆనుకుని ఆయన భార్య నాగేశ్వరి చాప మీద కూర్చుంది. కొడుకు దుర్గాప్రసాద్ తెల్లపంచెతో, ఏం చేయాలో తెలియని చేతులతో నిలబడ్డాడు. సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో ఇంజనీరు. అతని మూడేళ్ల కూతురు తాతగారి ఊతకర్రను గుర్రం చేసుకుని ఇల్లంతా తిరుగుతోంది. దాన్ని ఆగమనే ఓపిక ఎవరికీ లేదు.

సంగయ్య ముందు శ్రావ్యను అడిగాడు.

"మీ వదిన మీద అనుమానం ఎందుకొచ్చిందమ్మా?"

"చెవులారా విన్నానండి. నేను ఫోన్‌లో ఉండగానే నాన్నగారు ఆవకాయ ముక్క ఒక్కటంటే ఒక్కటి అడిగారు. 'గింత ఉప్పు తిని సావాలని ఉన్నదా మీకు' అని అరిచింది. పెద్దాయన్ని పట్టుకుని అనే మాటేనా అది?"

"అరిచి ముక్క పెట్టిందా?"

శ్రావ్య తడబడింది. "పెట్టలేదు. అప్పుడైతే పెట్టలేదు."

"సంపాలనుకున్నామె అడిగినప్పుడు పెడతది గదమ్మా. అడగకుండ ఎందుకు పెడతది?"

"మీరు వాళ్ల ఊరాయనట కదా. అలాగే అడుగుతారు" అంది శ్రావ్య. కళ్లలో నీళ్లు నిండాయి గానీ గొంతు తగ్గలేదు.

వంటింట్లో మహిత పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. సంగయ్యను చూడగానే "కాకా" అంది.  ఏడ్చి ఏడ్చి ఎండిన మొహం. సంగయ్య ఆమెను పలకరించలేదు. పలకరిస్తే ఇద్దరూ నిలబడలేరని ఆయనకు తెలుసు. నేరుగా అలమర తలుపు తెరిచాడు.

"ఆవకాయ తొక్కు జాడి ఏది?"

"ఎదురింటోల్ల తాన వెట్టిన. కంటికి గనవడితే అడుగుతడని."

"అప్పడాలు?"

"తెస్తలేము."

"బిస్కట్లు, బన్ను?"

"అవి గూడ బంద్ వెట్టిన కాకా. తీపిగ ఉంటయి గని వాటిల గూడ ఉప్పు ఉంటది. పొంగాలని సోడ ఏస్తరు."

"గ్యాసుకు నీళ్లల్ల ఏసుకుంటరు సూడు, బుస్సుమని పొంగే పొడి?"

"మొదాలు రోజూ తాగుతుండె. మందుల షాపాయన్ని అడిగితే దాన్నిండ ఉప్పు సరుకే అన్నడు. ఆపిచ్చిన. నొప్పులకు నీళ్లల్ల కరిగే గోలి గూడ గంతేనట. మింగే గోలి తెచ్చిన."

"తినే సోడ?"

 "పప్పుల ఏస్తుంటి. అది గూడ ఉప్పుకు చుట్టమే అని తెల్వంగనె మోరీల వోసిన."

గుమ్మంలో నిలబడి వింటున్న రాకేష్ నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు.

"సూసినవా సంగన్నా? ఉప్పొచ్చే దొడ్డిదారులన్నీ నోటికి జెప్తున్నది. ఏ దారిల ఎంతొస్తదో ఇంత బాగ తెల్సినామెకు, ఎంత వోస్తే మనిషి వోతడో తెల్వదా? బయటి దారులన్నీ మూసింది. ఇగ మిగిలిన దారి ఆమె చెయ్యే."

సంగయ్యకు ఆ మాట చురుక్కుమంది. తప్పని కొట్టిపారేయదగిన మాట కాదది. అన్ని దారులూ మూసిన ఇంట్లోకి మూడింతల ఉప్పు ఎట్లా వచ్చింది?

అంతలో నాగేశ్వరి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఒక్క మాట బాబూ. ఉప్పు మానేసిన దగ్గర్నుంచీ ఆయన కంచం చూస్తేనే మొహం తిప్పుకునేవారు. ఈ మధ్యనే ఏమిటో, కోడలు చేసిన జావ ఇష్టంగా తాగడం మొదలుపెట్టారు. 'ఇందులో ఏం కలిపావమ్మా, ఇంత కమ్మగా ఉంది' అని అడిగారు కూడా. అంత బాగా చూసుకుందండీ పిల్ల. దాన్ని ఏమీ చేయకండి."

కోడల్ని కాపాడాలని ఆమె చెప్పిన మాట కోడలి మెడకే చుట్టుకుంది. రాకేష్ వేలెత్తాడు.

"అయిపాయె. ఏం గలిపినవమ్మా అని సచ్చిపోయినాయనే అడిగిండు. చెప్పు మహితా, ఏం గలిపినవ్?"

"ఏం గలపలే సార్. రాగిపిండి, నీళ్లు. గంతే."

"పిండి, నీళ్లు కలిస్తె కమ్మగైతదా?"

"నాకేమెర్క సార్! నేను గూడ పరేషానైన. ఆయన తాగుతుంటె సంబురపడ్డ. గంతే."

సంగయ్య చూపు వాళ్ల మీద లేదు. ఆయన కడిగి బుట్టలో బోర్లించిన గిన్నెలు చూస్తున్నాడు. ఈ చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్లినా గిన్నెల అంచున తెల్లటి చార ఉంటుంది. బోరు నీళ్లలోని సున్నం అది. ఎంత తోమినా వదలదు. ఈ ఇంటి కుళాయి ముక్కుకు ఆ సున్నం పుండు మీద చెక్కు కట్టినట్టు కట్టి ఉంది. పెద్ద గిన్నెలన్నిటికీ చార ఉంది. ఒక మూలనున్న చిన్న గిన్నెకు మాత్రం లేదు. అద్దంలా మెరుస్తోంది.

దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పాడు. "ఇది కొత్తదా?"

"కాదు కాకా, పాతదే. మామయ్య జావ గిన్నె. వేరేగ పెట్టిన."

"చింతపండు వెట్టి తోమినవా?"

"లేదు. దాంట్ల బోరు నీళ్లు పొయ్య. క్యాన్ నీళ్లే."

"ఏం క్యాను?"

మహిత మూలనున్న నీళ్ల క్యాను చూపించింది. దాని మీది కాగితం మీద ఎర్రని అక్షరాలు: పప్పు ఉడికే నీళ్లు.

"సోడ పారవోసినంక పప్పు ఉడకలే కాకా" అంది మహిత. "ఈ బోరు నీళ్లల్ల ఎంత సేపు పెట్టినా గింజ గింజకే ఉంటుండె. నమలనీకె మామయ్యకు పండ్లు లెవ్వు. ఏం పెట్టాలె? గప్పుడే నీళ్లమ్మే నర్సన్న ఆటో వచ్చింది, పప్పు ఉడికే నీళ్లు అని మైకుల చెప్పుకుంట. ఒక క్యాను ఏయించుకున్న. సోడ లేకుండనే పప్పు వెన్న లెక్క ఉడికింది. ఇగ అప్పటికెల్లి ఆయనకు తాగనీకె, వండనీకె అన్నీ గవే."

ఈ నేల మీద నీళ్లకు అదే పరీక్ష. కంటికి తేటగా ఉంటే చాలదు. పప్పు ఉడికితేనే మంచినీళ్లు, ఉడక్కపోతే చెడ్డనీళ్లు. సంగయ్య తల్లి కూడా ఏ బావి నీళ్లైనా అట్లాగే తూచింది. ఆ తూకం తప్పుతుందని ఎవరూ అనుకోలేదు.

"పెనం పొయ్యి మీద పెట్టు బిడ్డా" అన్నాడు సంగయ్య.

రాకేష్ నవ్వాడు. "ఏందన్నా, దోసెలు పోయిస్తున్నవా?"

"మీరు గూడ తిందురు, ఆగుండ్రి."

పెనం వేడెక్కాక సంగయ్య ఒక గ్లాసు కుళాయి నీళ్లు కొద్దికొద్దిగా దాని మీద పోశాడు. సుయ్యిమని ఇగిరిపోయాయి. తెల్లటి పొర మిగిలింది. పెనం దించి, చల్లారనిచ్చి, వేలితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. రాకేష్ వైపు చాచాడు. రాకేష్ మొహం చిట్లించి తనూ రుచి చూశాడు.

"సుద్దముక్క లెక్కున్నది."

"సున్నం. ఇగ ఇది సూడుండ్రి."

పెనం కడిగి, తుడిచి, ఈసారి క్యాను నీళ్లు పోశాడు. అందరూ చూస్తున్నారు. నీళ్లు నిజంగా శుద్ధి చేసినవైతే పెనం మీద ఏమీ మిగలకూడదు. నీళ్లు ఇగిరాయి. మళ్లీ తెల్లటి పొర తేలింది. ముందుదాని కంటే చిక్కగా, సన్నటి పలుకులతో మెరుస్తోంది.

సంగయ్య గీకి నాలుక మీద వేసుకున్నాడు.  రాకేష్ వేలు చాచాడు. నోట్లో పెట్టుకున్న వేలు తీయడం మరిచిపోయాడు.

"ఉప్పు" అన్నాడు రాకేష్. గొంతులో వెటకారం లేదు. "సంగన్నా, ఇది ఉప్పు."

వెనకనుంచి దుర్గాప్రసాద్ ముందుకొచ్చాడు. పెనం అంచు తడిమాడు. రుచి చూసి, గోడకు ఒరిగిపోయాడు.

"సాఫ్టెనర్ నీళ్లు" అన్నాడు. "మా కంపెనీలో బాయిలర్ పైపులకు సున్నం పట్టకుండా వాడతాం. ఆ ట్యాంకు నీళ్లలోని సున్నాన్ని పట్టుకుంటుంది, దాని బదులు ఉప్పులోని సోడియాన్ని వదులుతుంది. ఎంత సున్నం పోతే అంత సోడియం వచ్చి చేరుతుంది. ట్యాంకును ఉప్పునీళ్లతోనే కడగాలి. కడిగాక సరిగ్గా తొలవకపోతే ఆ ఉప్పు కూడా నీళ్లలోకే. తాగాలంటే ఆ తర్వాత ఆర్వోలో వడగట్టాలి. వీళ్లు వడగట్టలేదు." క్యాను వైపు తిరిగాడు. "నేను రోజూ చూసే నీళ్లు సార్ ఇవి. మా ఇంట్లో క్యాన్‌లో ఉన్నాయి. ఒక్కసారి నోట్లో పోసుకుని చూడలేదు. ఆఫీసులోనే తాగేసి వస్తాను."

 పాప ఊతకర్ర టకటకమంటూ గుమ్మం దాకా వచ్చి, పెద్దవాళ్ల మొహాలు చూసి వెనక్కి పోయింది.

నాలుక మీద ఉప్పు లేక నెలల తరబడి అలమటించిన ముసలాయనకు ఆ జావ కమ్మగా ఎందుకుందో అప్పుడు అందరికీ ఒక్కసారే అర్థమైంది.

మహిత పెనం ముందుకు వచ్చింది. వేలితో గీకింది. నాలుకకు తగలగానే కళ్లు మూసుకుంది.

"కొలిచి పోసిన కాకా" అంది మెల్లగా. "నీళ్లు గూడ ఎక్కువ తాగొద్దన్నడు డాక్టరు. సీసాకు గీత గీసుకున్న. గీత దాటకుండ పోసిన. ఇంకో గుక్క పొయ్యమ్మా, ఈ నీళ్లు బాగున్నయి అని చెయ్యి వట్టుకుంటె గూడ పొయ్యలే. కొలిచి... కొలిచి పోసిన."

"బిడ్డా, నీది తప్పు గాదు."

"మరెవలది కాకా? చెయ్యి నాదే గద."

 ఆమెను విడిపించే నిజమూ, ఆమెను బతుకంతా కాల్చే నిజమూ ఒక్కటే. సంగయ్య దాన్ని తన చేత్తోనే పెనం మీద ఆరబెట్టి ఆమెకు తినిపించాడు.

బయట జీపు ఆగిన చప్పుడైంది. లేడీ కానిస్టేబుల్ దిగింది. ఆరయింది. రాకేష్ గుమ్మం దాకా వెళ్లి, "నువ్వు వాపస్ పో. అవసరం లేదు" అని చెప్పి వచ్చాడు.

"సార్" అంది మహిత. "నన్ను తీస్కపోరా?"

"పోనీకె ఏం లేదమ్మా. ఈ క్యాను సీలు వేసి ల్యాబుకు పంపుత. సీఐ సారుకు నేను జెప్పుకుంట."

"తీస్కపోతెనే మంచిగుండు సార్" అంది ఆమె. ఆ మాటకు రాకేష్ తల దించుకున్నాడు.

శ్రావ్య అంతవరకు గుమ్మంలో బిగుసుకుని నిలబడింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి మహిత పక్కన నేల మీద కూలబడింది. క్షమించమని అడగలేదు. "నేనూ ఈ నీళ్లే తాగాను వదినా" అంది. "వచ్చిన రోజు నుంచీ తాగుతూనే ఉన్నాను. నాకూ తెలియలేదు." మహిత భుజం మీద తల ఆనించింది. మహిత ఆమెను తోసెయ్యలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

నర్సన్న ప్లాంటు కాలనీ వెనకే, రేకుల షెడ్డు. జీపు ఆగేసరికి అతను ఆటోలోకి క్యాన్లు ఎక్కిస్తున్నాడు. లోపల గోడ వారగా ఉప్పు బస్తాలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి.

"గిన్ని ఉప్పు బస్తాలెందుకు నర్సన్నా? తొక్కు వెడుతున్నవా?" అడిగాడు సంగయ్య.

నర్సన్న నవ్వబోయి, వెనక రాకేష్ యూనిఫాం చూసి ఆగిపోయాడు. ఆర్వో మిషను మీద బొంత కప్పి ఉంది. రాకేష్ బొంత లాగాడు. పైపులు ఊడదీసి ఉన్నాయి.

"ఇది ఎన్నడు ఖరాబైంది?"

"ఉగాది ముంగట సార్. కొత్త ఫిల్టరు అంటె శాన ఖర్చు. పక్క సాఫ్టెనర్ ట్యాంకు నీళ్లే క్యాన్లకు వడుతున్న. ఎవ్వలు ఒద్దనలే సార్. పప్పు ఉడుకుతున్నది, సబ్బు నురుగొస్తున్నది. ఇంతకు ముందుకన్న ఇప్పుడే గిరాకెక్కువ."

"ఆ నీళ్లకు మనిషి పోయిండు."

"నీళ్లకు మనిషి వోతడా సార్?" నర్సన్న నిజంగానే నమ్మలేదు. "మా ఇంట్ల గవే తాగుతం. మా పిలగాండ్లు గవే తాగుతరు. అందరు మంచిగనే ఉన్నరు."

"ఆరోగ్యమున్నోల్లు తట్టుకుంటరు. గుండె పాడైనోల్లు, బీపీ ఉన్నోల్లు, కిడ్నీలు పోయినోల్లు తట్టుకోరు" అన్నాడు రాకేష్. "ఆటో కదలనియ్యకు. ఏడేడ పోస్తున్నవ్ జెప్పు, మైకు వెట్టి ఆపిద్దాం."

"ఈ కాలనీ. పక్క బస్తీ. ఇంక రుద్రారం." నర్సన్న సంగయ్య వైపు తిరిగాడు. "రుద్రారం రూటు కొత్తగేసిన అన్నా. మహితమ్మనే వాళ్ల తల్లిగారింటికి మంచి నీళ్లని చెప్పింది. ఆల్లను సూసి వాడకట్టంత ఏయించుకున్నరు. మీ ఇంట్ల గూడ నెల సంది బిందెలల్ల వంపి పోతున్న గదన్నా. మల్లమ్మక్క నీకు చెప్పలేదా? బీపీ ఉన్నది, బోరు నీళ్లు పడ్తలెవ్వు, నాకు రెండు క్యాన్లు వంపి పొమ్మన్నది."

సంగయ్య చెయ్యి జేబు మీద పడింది. కాగితంలోని మెట్టెలు గుండెకు గుచ్చుకున్నాయి. వేలికి పట్టుకపోయినయి. సబ్బు వెట్టి గుంజితే గని రాలే. కనబడిన ప్రతి గిన్నె అంచూ చూసే మనిషి, పొద్దున భార్య కాళ్ల వైపు చూడలేదు.

ఫోను మోగుతూనే ఉంది. చాలాసేపటికి మల్లమ్మ ఎత్తింది.

"మెట్టెలు అయినయా?"

"మెట్టెలు గాదు. నీ కాళ్లు వాసినయా?"

"జెర వాసినయి తియ్. అందుకే గద బిగుసుకున్నయి." మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి ఫోనులో బుసలా వినిపిస్తోంది. "ఏంది, గొంతు గట్లున్నది? తిన్నవా?"

"మల్లమ్మా, రాత్రి నిద్రవట్టిందా నీకు?"

"ఏడ పట్టింది? పండుకుంటె దమ్మొస్తున్నది. గోడకు ఒరిగి కూసునే పండుకున్న. నువ్వు అలిసి పండుకుంటివి, ఎందుకు లేపుడని..." ఆగి ఊపిరి తీసుకుంది. "సరే గని జల్దీ రా. పప్పు వండిన. ఎంత మెత్తగ ఉడికిందనుకున్నవ్!"